«సబ్‌మెరీన్» మూకచిత్రము : క్షమావీరవిచారము

వీరరసమునకు నుత్సాహము స్థాయి యనుట యాలంకారికుల కెల్లరకును సమ్మతము. ఆ రస మెన్ని తెఱఁగు లనుచోటనే మతభేదము గలదు. భరతముని దానవీరము, ధర్మవీరము, యుద్ధవీరము నని మూఁడు చెప్పెను. సాహిత్యదర్పణకర్త దయావీరమును జేర్చి నాలుగుగా లెక్కించెను. గోదావరీమండలపు ముంగండ యగ్రహారమునకుఁ జెందిన వంశమునఁ బుట్టి, షాజహాను చక్రవర్తి యాస్థానమున వెలసిన జగన్నాథపండితరాయలు రసగంగాధరమున నీ నాలుగింటిని నిరూపించి, యంతటితో నిలువక, శృంగారమునకువలెనే వీరమునకును భేదములు పెక్కు చెప్పవచ్చునని వాదించి, సత్యవీరమును, పాండిత్యవీరమును, క్షమావీరమును, బలవీరమును బేర్కొనెను.

ఈ క్షమావీర మను పేరు శాస్త్రకారుని విభాగచాతుర్యమునకు మాత్రమే సాక్షియా, లేక కృతుల గుణదోషములను దూఁచుటకుఁ బనికివచ్చు త్రాసా యను ప్రశ్న విమర్శకులకుఁ బుట్టక మానదు. ఏ లక్షణమైనను దాను పుట్టిన గ్రంథములకు వెలుపల, దాని నెఱుఁగని దేశమున, దాని నెఱుఁగని కర్త రచించిన కృతియందుఁ బ్రవర్తించి, యందలి సారమును నెఱసును జూపఁగలిగినప్పుడే దాని బలము తేటపడును. కావున నిట నుదాహరణమును మన కావ్యనాటకములనుండి గాక, అమెరికాదేశమున 1928వ సంవత్సరమున వెలువడిన యొక మూకచలనచిత్రమునుండి గైకొనుచున్నాను. దాని పేరు «సబ్‌మెరీన్», అనఁగా జలాంతర్గామి. నౌకాదళమునఁ గొలువు చేయు నిరువురు చెలికాండ్ర స్పర్ధయు వైరమును దానియందలి వస్తువు.

చలనచిత్రము దృశ్యకావ్య మగునా కాదా యను చర్చ నిటఁ బెంపఁ బనిలేదు. ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము నను నభినయచతుష్టయమున మూకచిత్రమునకు వాచికము లేదు. నడుమనడుమఁ దెరపైఁ గానవచ్చు వ్రాఁతలే దానికిఁ బ్రతినిధులు. అందుచేత మనస్సులోని మార్పును మాటలతోఁ జెప్పి తప్పించుకొను వీలు మూకచిత్రకర్తకుఁ దక్కువ. కోప మెట్లు పుట్టెనో, యెట్లు శమించెనో, దానిని సంఘటనలచేతనో ముఖవికారములచేతనో చూపవలసినదే. క్షమవంటి యంతరంగధర్మమును బరీక్షించుట కిట్టి కృతి మిక్కిలి తగినది.

ఈ చిత్రమును నిర్మించినది కొలంబియా సంస్థ. దర్శకుఁడు ఫ్రాంక్ కాప్రా. ఇతఁడు 1897లో సిసిలీద్వీపమునఁ బుట్టి, 1903లోఁ దల్లిదండ్రులతో నమెరికా చేరి, రసాయనయంత్రశాస్త్రము నభ్యసించి పట్టము పొంది, పిదపఁ జిత్రరంగమునఁ బ్రవేశించినవాఁడు. చిత్రమును మొదట నర్విన్ విల్లాట్ అను దర్శకుఁ డారంభింపఁగా, సంస్థాధిపతి యగు హ్యారీ కోన్ తృప్తిపడక పనిని గాప్రాకు నప్పగించెను. పాత్రల సంభాషణములు వినఁబడవు గాని, చిత్రముతోఁ గూడ నడచు సంగీతమును గొన్ని ధ్వనులును జేర్పఁబడినవి. ఆ విధమున నిది మూకయుగమునకును శబ్దయుగమునకును సంధియందు నిలిచినది. ఛాయాగ్రాహకుఁడు జోసెఫ్ వాకర్. జాక్ హోల్ట్, రాల్ఫ్ గ్రేవ్స్, డోరతీ రెవియర్ ముఖ్యపాత్రలను ధరించిరి.

కథ సంగ్రహముగా నిట్టిది. జాక్ డోర్గన్, బాబ్ మేసన్ అనువా రిరువురును నమెరికా నౌకాదళమున నావికులు, ప్రాణస్నేహితులు. వినోదములందును వలపులందును నొకరితో నొకరు పోటీపడుట వారికి వేడుక. జాక్ లోఁతునీటి గజయీతగాఁడు. కవచమువంటి యుడుపు తొడిగి, పైనుండి గొట్టమువెంట వచ్చు గాలితో సముద్రగర్భమునఁ బనిచేయు విద్యలో సాటిలేనివాఁడు. బాబ్ జలాంతర్గామికి మార్పఁబడును. ఈలోన జాక్ నృత్యశాలలోఁ గలసికొన్న బెస్సీ యను చంచలస్వభావను బెండ్లాడును. అతఁడు పనిమీఁద దూరమేఁగఁగా నామె బాబ్‌ను గలసికొని, యాతని వలపించును. అతఁ డామె తన మిత్రుని భార్య యని యెఱుఁగఁడు. జాక్ తిరిగివచ్చి, విషయము కనుఁగొని, మిత్రుఁడే ద్రోహి యని నిశ్చయించుకొని, యాతనితో మైత్రిని ద్రెంచుకొనును. అనంతరము బాబ్ పనిచేయు జలాంతర్గామిని వేఱొక యోడ ఢీకొనఁగా నది సముద్రపుటడుగునకుఁ బోవును. లోపలివారికి గాలి తఱుఁగుచుండును. ఇతరుల ప్రయత్నములు విఫలము లగును. అంతలోఁతునకు దిగఁగలవాఁడు జాక్ ఒక్కఁడే. అతఁడు మొదట నిరాకరించును. తుదకు భార్యయే యపరాధిని యనియు, మిత్రుఁడు నిర్దోషి యనియుఁ దెలిసికొని, నీట దిగి, గాలిగొట్టమును జలాంతర్గామికిఁ దగిలించి, లోపలివారిని గాపాడును. చెలిమి మరలఁ జిగిర్చును.

1928వ సంవత్సరపుఁ బ్రేక్షకుల కీ కథ వట్టి కల్పనముగాఁ దోఁచి యుండదు. 1925 సెప్టెంబరు 25వ తేదీ రాత్రి యమెరికా జలాంతర్గామి యస్-51, బ్లాక్‌ద్వీపమునకుఁ జేరువ, సిటీ ఆఫ్ రోమ్ అను ప్రయాణికనౌక తాఁకుడునకు మునిఁగెను. 33 మంది చనిపోయిరి, ముగ్గురు మాత్రము బ్రదికిరి. 1927 డిసెంబరు 17వ తేదీని మసాచుసెట్సు రాష్ట్రపుఁ బ్రావిన్స్‌టౌన్ యొద్ద యస్-4 అను జలాంతర్గామి నీటినుండి పైకి వచ్చుచుండఁగాఁ దీరరక్షకదళపు నౌక పాల్డింగ్ దానిని ఢీకొనెను. అది 100 అడుగులకు మించిన లోఁతునఁ బడెను. అందలి 40 మందిలో నాఱుగురు ముందరిగదిలో సజీవులై చిక్కుకొని, లోహపుగోడపైఁ దట్టి సంకేతములతోఁ బైవారితో మాటాడిరి. ఆశ యున్నదా యని యడిగిరి. మైకేల్స్ అను గజయీతగాఁడు గాలిగొట్టమును దగిలింపఁ బోయి తానే శిథిలములలోఁ జిక్కుకొనెను. టామ్ ఈడీ యనువాఁడు దిగి వానిని విడిపించి, యా సాహసమునకు నా దేశపుఁ బరమోన్నతమైన వీరపదకమును బొందెను. గాలివాన పెరిగి పని యాఁగిపోయెను. ఆ యాఱుగురును మరణించిరి. 1928 మార్చిలో నౌకను బైకెత్తిరి. ఆ సంవత్సరముననే యీ చిత్రము వెలువడెను.

ఇతివృత్తమును జరిత్రనుండి గ్రహించిన కవి రసమున కనుగుణముగ దానిని మార్చుకొనవచ్చునని యానందవర్ధనాచార్యుఁ డనుజ్ఞ యొసఁగెను. ఆ యనుజ్ఞ యిట నెట్లు వినియోగింపఁబడినదో చూడవలెను. చనిపోయినవారిని బ్రదికించుట పైకిఁ గానవచ్చు మార్పు. బిడ్డలను గోలుపోయిన దేశమున కది యొక యూఱట. దానిని నిందింపఁ బనిలేదు. లోపలిమార్పు వేఱొకటి గలదు. చరిత్రమున నావికులకును జీవమునకును నడుమ నడ్డువచ్చినవి లోఁతును, చలియు, గాలివానయు. చిత్రమున నడ్డువచ్చినది యొక్కని హృదయము. గొట్టము సిద్ధము; రక్షణనౌక సిద్ధము; విద్య సిద్ధము; మనస్సు మాత్రము సిద్ధము గాదు. సముద్రముననున్న విఘ్నమును మానవహృదయమునకుఁ దరలించుటయే యీ చిత్రకర్తల నిజమైన సృష్టి. తక్కిన మునుకలు, తాఁకుడులు, యంత్రవైచిత్ర్యములు నన్నియు దానికిఁ బరికరములు.

ఈ తరలింపు కథకు నెంతటి బలమిచ్చినదో వస్తుస్వభావమునుబట్టి తెలియఁగలదు. నీటిలో దిగుకొలఁది ప్రతి 33 అడుగులకు నొక వాతావరణపు టొత్తిడి హెచ్చును. నూఱడుగుల లోఁతున మనుష్యుఁడు గట్టుమీఁదికంటె నాలుగింతల యొత్తిడి నోర్వవలెను. అంతకు లోఁతునకుఁ బోవువానికి దేహదార్ఢ్యముతోపాటు చిత్తస్థైర్యమును గావలెను. కావున «దిగఁగలవాఁ డొక్కఁడే» యను నిబంధనము కవికల్పితమైన యిఱుకు గాదు, లోకసిద్ధమైన సంభావ్యత. ఆ యొక్కఁడే యపకృతుఁడ నని నమ్మినవాఁ డగుట కవిప్రతిభ. చంపుటకుఁ గత్తి యెత్తనక్కఱలేదు, ఊరకుండుటయే చాలును. శత్రువును జేయెత్తకయే కడతేర్పఁగల యవకాశమును విధి యొసఁగినప్పుడు మనుష్యుఁ డేమిచేయు నను ప్రశ్నకంటె వీరరసమునకు గంభీరమైన యాలంబనము లభించుట యరుదు.

క్రింద గాలి లేక మనుష్యులు తల్లడిల్లుట యొకయెడ. పైన నిండుగాలిఁ బీల్చుచు నొకఁడు కదలకుండుట యొకయెడ. ఈ రెండింటి పొత్తే చిత్రమునకుఁ బ్రాణము. జలాంతర్గామిలోనివారి చెమ్మటయు వడఁకును సొమ్మయు భరతుఁడు చెప్పిన స్వేదవేపథుప్రళయములవలెఁ గానవచ్చును గాని, గాలికొఱఁతచేఁ గలిగినవగుటచే వానిని సాత్త్వికభావము లనుటకంటె శరీరవికారము లనుటయే యుచితము. నిజమైన సాత్త్వికము పైనున్నవాని స్తంభమునందుఁ గలదు. వాని దేహమునకు నే బాధయు లేదు, అయినను గదలలేఁడు. ఆ స్తంభమునకుఁ గారణము మనస్సొక్కటియే. వాచికము లేని చిత్రమునందు నిశ్చలత్వ మంతటి యర్థమును మోయఁగలుగుట యెల్లరును గమనింపఁ దగినది.

ఆహార్యమును గూర్చి యొకమాట. కాప్రా 1971లోఁ బ్రకటించిన యాత్మకథలో, తాను పనిని జేపట్టినవెంటనే నాయకపాత్రధారుల ముఖములనుండి రంగుపూఁతలను దీసివేయించి, నలిఁగిన నావికదుస్తులతో నటింపఁజేసితినని చెప్పుకొనెను. ఇది చిన్నవిషయ మని త్రోసివేయరాదు. అలంకారములను విడిచిన ముఖముమీఁదనే కోపమును గోపశాంతియు నమ్మఁదగినవై కానవచ్చును. సముద్రగర్భదృశ్యములలోఁ గొన్నింటిని గాజుతొట్టిలోఁ జిన్నబొమ్మలతోఁ దీసితినని యతఁడే చెప్పెను. కావున నందలి యద్భుతము కృత్రిమము. నావికుల ముఖములందలి యార్తియే యకృత్రిమము. చిత్రమును జూచి యద్భుతరసమునే మెచ్చుకొనువా రుపకరణమును బ్రధానమని పొరపడినవారు.

ఇంతవఱకు గుణము. ఇఁక నెఱసును విచారింతము.

క్షమ యనఁగా నేమి? అపకారము జరిగినదని నిశ్చయము గలిగి, ప్రతీకారము చేయు శక్తి యుండి, కోపము పుట్టియు, దానిని ధర్మబుద్ధిచే నడఁచుకొనుట క్షమ. ఈ మూఁడింటిలో నేదిలేకున్నను నది క్షమ గాదు. శక్తి లేనివాని యోర్పు దైన్యము. కోపము పుట్టనివాని యోర్పు స్వభావశాంతి. అపకారమే లేదని తెలిసికొన్నవాని ప్రసన్నత భ్రాంతినివృత్తి. జాక్ నీట దిగుట మూఁడవకోవకుఁ జెందినది. అతఁడు మిత్రుని క్షమించి దిగలేదు. మిత్రునియందుఁ దప్పులేదని తెలిసి దిగెను. చీఁకటిలోఁ ద్రాడును జూచి పామని వెఱచినవాఁడు దీపము తెచ్చి చూచి, త్రాడని తెలిసి దానిని దాఁటిపోవును. వానిని ధీరుఁ డని యెవరును గొనియాడరు. కొనియాడఁదగినది యేమైనఁ గలదేని యది దీపమే.

దీనికి మన వాఙ్మయమున నెదురుగా నిలుపఁదగిన ఘట్టము భాగవతప్రథమస్కంధమునందు గలదు. నిద్రించుచున్న యుపపాండవులను వధించిన యశ్వత్థామను బట్టి తెచ్చి యర్జునుఁడు ద్రౌపదియెదుట నిలువఁబెట్టెను. అపరాధము నిశ్చితము, అపరాధియే కట్టుబడి తలవంచి నిలిచియున్నాఁడు, చంపింప నామె కొక్కమాట చాలును. తనవలెనే వాని తల్లియుఁ గడుపుకోఁతకు గుఱి కాఁగూడదని తలఁచి, గురుపుత్రుఁ డగు వానిని విడిపింపు మని యామె వేఁడుకొనెను. ఇట నపకారము తొలఁగిపోలేదు, తగ్గిపోలేదు. కోపముకంటెఁ బెద్దది యొకటి హృదయమునఁ బుట్టినది. క్షమావీరమునకు లక్ష్యము చూపుమన్న నిదిగో యని చూపఁదగిన దిట్టిది. సబ్‌మెరీన్ చిత్రకర్తలు ప్రేక్షకు నీ గుమ్మమువఱకుఁ దెచ్చి, తలుపు తెఱవక మరలించిరి.

ఇందులకుఁ గొన్ని యాక్షేపములు రావచ్చును. మొదటిది: జాక్ దిగినలోఁతు ప్రాణాపాయకరము, తక్కినవారు విఫలులైన చోటికి దిగుట వీరము గాదా? వీరమే. సాహసము గలదు, దయయుఁ గలదు. నేను లేదనునది క్షమ యొక్కటే. అయినను నంగియైన భావమేదో నిర్ణయించునది కృతియే గాని విమర్శకుఁడు గాడు. లోఁతే ప్రధాన మగునేని జాక్ నిరాకరణముతోఁ బనియే లేదు. మొదటనే దిగి, కష్టపడి, కాపాడవచ్చును. నిరాకరణమును గథామధ్యమున నిలిపి, దానిచుట్టును గథను ద్రిప్పినవారు హృదయవిఘ్నమునే ప్రధానముగాఁ బ్రతిపాదించిరి. ప్రతిపాదించినదానిని హృదయబలముచేతఁ గాక వార్తచేత నివర్తింపఁజేయుట ప్రతిజ్ఞాభంగము.

రెండవది: పాత్రౌచిత్యము. సామాన్యనావికునియందు ద్రౌపదీదేవి యౌదార్యమును వెదకుట న్యాయమా? ఉత్తమమధ్యమాధమప్రకృతుల భేదము శాస్త్రమున లేకపోలేదు. కాని ప్రకృతిభేదము భావమును వెలువరించు తీరునకుఁ జెందినది. భావము గలుగుటకే యర్హతలేదని యెవ్వఁడును జెప్పలేదు. నావికుఁడు ధర్మోపన్యాసము చేయనక్కఱలేదు. పండ్లు కొఱుకుకొనుచు, మిత్రుని దిట్టుకొనుచు, «వీఁడు ద్రోహియే, అయినను జచ్చుట కొల్ల» నని లోలోపల గొణుఁగుచు నుడుపు తొడిగిన నది నావికున కుచితమైన క్షమయే యగును. మూకచిత్రమున నా గొణుఁగుడు వినఁబడనక్కఱయు లేదు. చేతులు వడఁకుచుండఁ బట్టీలు బిగించుకొనుట చాలును. పైఁగా 1927 డిసెంబరున, ఒక దినముననే రెండవమాఱు నీట దిగి తోడివాని విడిపించిన ఈడీయు రాజర్షి గాఁడు, కొలువుకాఁడే. లోకమునఁ గానవచ్చిన దానిని గృతియం దసంభావ్య మనరాదు.

మూఁడవ యాక్షేపమే బలవత్తరము. జలాంతర్గామిలో బాబ్ ఒక్కఁడే లేఁడు. ఏయపరాధము నెఱుఁగనివారు పెక్కుమంది గలరు. వారిలోఁ బేరైనను లేక «బాలుఁడు» అనియే నటవర్గపట్టికయం దెక్కిన పడుచువాఁ డొకఁడు గలఁడు. ఇందఱ ప్రాణములు పోవుచుండఁగా నొక్కని క్షమించుట మానుటలను గూర్చిన విచారమేల? దిగుట కొలువు చేయువానికి ధర్మము గదా యని యందురు. నిజమే, కాని యీ యాక్షేపము చిత్రమునే దాఁకును, నా వాదమును గాదు. తక్కినవా రెల్లరును నిర్దోషులని జాక్‌నకు మొదటినుండియుఁ దెలియును. ఆ తెలివి వానిని గదల్పలేదు. బాబ్ నిర్దోషి యను తెలివియే కదల్చినది. అనఁగా నా బాలుని ప్రాణము బాబ్ శీలముపై నాధారపడినది. ఒకవేళ బాబ్ నిజముగా నపరాధియే యైనచో నా బాలుఁడు చావవలసినదేనా? ఈ ప్రశ్నకుఁ జిత్రము సమాధాన మీయలేదు. ఆ ప్రశ్న పుట్టకముందే వార్తను దెచ్చి దానిని గప్పివేసినది.

నెఱసునకు మూలమెక్కడ? బెస్సీ పాత్రయందు. మిత్రులిరువురను నిర్దోషులుగాఁ దేల్చవలెనన్న దోషభారమును మోయుట కొకరు కావలెను. ఆ బరువంతయు నామె తలపైఁ బెట్టఁబడినది. ఆమె యొంటరితనమును, కాపురమున నామెకుఁ గలిగిన వెలితియుఁ గథలోఁ గారణములుగా నిలువఁదగినవే. తీర్పునాఁటికి మాత్ర మవి లెక్కకు రాలేదు. పురుషుల మైత్రిని విఱుచుటకును మరల నతుకుటకును నామె యొక యుపకరణమై, పని తీఱఁగనే త్రోసివేయఁబడినది. సంస్కృతాలంకారికులు నాయిక లెన్నిరకములో పేర్కొనిరి గాని, కథకు వలసిన యపరాధమును మోయుటకే పుట్టిన స్త్రీకి నందొక పేరు లేదు. క్షమ యను కష్టమైనపనిని దప్పించుకొనుటకుఁ జిత్రకర్తలు తొక్కిన యడ్డదారి యీమెమీఁదుగాఁ బోయినది. ఎచ్చట నపరాధమును సమముగాఁ బంచియిచ్చుటకు ధైర్యము చాలదో, అచ్చట నొక్కరిని బలియిచ్చుట కవులకు సులభోపాయము.

దక్షిణదేశమున జనులు చెప్పుకొను కథ యొకటి యిచట జ్ఞప్తికి రాఁదగినది. అది వ్యాసభారతమున లేదు. కర్ణుఁడును భానుమతియు నాటలో నుండఁగా దుర్యోధనుఁడు లోనికి వచ్చెను. ఆమె లేవఁబోయెను. వెనుకవచ్చినవానిని జూడని కర్ణుఁ డాటవిడిచి పోవుచున్నదని పట్టిలాగఁగా ముత్యాలసరము తెగి చెదరెను. దుర్యోధనుఁడు ముత్యములను నేనేరి కూర్పనా యని మాత్ర మడిగెనఁట. వీఁడు ధర్మరాజు గాఁడు, సుయోధనుఁడే. అయినను నతని మైత్రికిఁ బ్రమాణ మక్కఱలేకపోయినది. జాక్ మైత్రికిఁ బ్రమాణము కావలసివచ్చినది. నమ్మి యడుగకుండుట యొకమెట్టు. నమ్మకము చెడినపిదపను విడువకుండుట యంతకుఁ బైమెట్టు. ఋజువు చూచి మరల నమ్ముట యన్నిటికంటెఁ గ్రిందిమెట్టు. చిత్రము మూఁడవదానియందు నిలిచినది.

ఈ కొఱఁత యా కాలపుఁ జిత్రములకెల్ల సహజమని తలఁపరాదు. 1927లో విలియం వెల్‌మన్ తీసిన «వింగ్స్» అను మూకచిత్రమునఁ బ్రథమయూరోపీయమహాయుద్ధపు వైమానికులైన మిత్రులిరువురిలో నొకఁడు, శత్రువిమానములోఁ దప్పించుకొని వచ్చుచున్న రెండవవానిని శత్రువని భ్రమించి కూల్చును. చనిపోవువాఁడు చంపినవానిని మన్నించును. అచట భ్రాంతి గలదు గాని, మన్నింపు భ్రాంతిపైఁ గాక, నిజముగా జరిగిన యపకారముపైఁ బ్రవర్తించినది. కావున నా ఘట్టము కన్నీరు పెట్టించుటతోపాటు తలవంపఁజేయును.

కాప్రా తానే యీ విషయమును విడువకుండఁ బట్టుకొనియుండెననుటకు నిదర్శనము గలదు. హోల్ట్‌గ్రేవ్స్ జంటతోనే 1929లో «ఫ్లైట్» అను చిత్రమును, 1931లో «డిరిజిబుల్» అను శబ్దచిత్రమును నతఁడు తీసెను. రెండింటను మైత్రి, స్పర్ధ, స్త్రీ, రక్షణయాత్ర యను చతుష్టయమే కథాశరీరము. డిరిజిబుల్ చిత్రమునఁ గీర్తికాముకుఁడైన వైమానికుఁడు దక్షిణధ్రువప్రాంతమునఁ జిక్కుకొనఁగా, వాని భార్యను లోలోపలఁ బ్రేమించుచున్న మిత్రుఁడు వాయునౌకలోఁ బోయి వానిని రక్షించును. మంచుచేఁ గన్నులు గానరాని యా వైమానికుఁడు, భార్య యిచ్చిన లేఖను జదివి వినిపింపుమని రక్షకునే యడుగును. లేఖలో నామె భర్తను విడిచి యీ రక్షకునే వరింపఁదలఁచినట్లున్నది. అతఁ డున్నది చదువక, యామె భర్తనే ప్రేమించుచున్నట్లు కల్పించి చదువును. ఇట రక్షకునికి దేహబలముతోఁ బనిలేదు. వార్త సహాయము లేదు. సత్యము తనకే యనుకూలము. దానిని దాఁచి తనచేతులతోఁ దన భాగ్యమును ద్రోసివేసికొనెను. సత్యవీరమును విడిచి త్యాగవీరమును జేపట్టిన యీ ఘట్టమున ధర్మసందేహము లేకపోలేదు. అయినను వీరము సందేహరహితము. సబ్‌మెరీనునఁ దెఱవక విడిచిన తలుపును గాప్రా మూఁడేండ్లకు వేఱొకదిక్కునుండి తెఱచెనని చెప్పవచ్చును.

చరిత్రయు నంతటితో నిలువలేదు. యస్-4 విషాదము పిదప నా దేశపు నౌకాదళము జలాంతర్గామినుండి మనుష్యులను వెలికిఁదీయు సాధనములను నిర్మించుకొనెను. 1939 మే 23వ తేదీని స్క్వాలస్ అను జలాంతర్గామి 240 అడుగుల లోఁతున మునిఁగినప్పుడు, మునుకచే 26 మంది చనిపోయినను, సజీవులైన 33 మందిని రక్షణపేటికతోఁ బైకిఁదెచ్చిరి. 1928లోఁ జిత్రమునఁ గల్పితమైన రక్షణము పదునొకండేండ్లకు సత్య మయ్యెను. సముద్రమునఁ గల విఘ్నము యంత్రముచేఁ దొలఁగునని దీనివలనఁ దెలియుచున్నది. హృదయమునఁ గల విఘ్నమునకు నట్టి పేటిక యెవరును జేయలేదు. అందుచేతనే యా రెండవ విఘ్నమును బట్టిన కథకుఁ బ్రాఁతదనము రాలేదు. దానిని గడవరకు నడపకపోవుట నేఁటికిని వెలితిగానే తోఁచుచున్నది.

ఈ విచారమువలనఁ దేలినది యేమనఁగా: సబ్‌మెరీన్ చిత్రమున నుత్సాహము గలదు, సాహసము గలదు, కరుణ గలదు, మూకాభినయమునకుఁ దగిన సన్నివేశసంపద గలదు. దాని కల్పనము చరిత్రకంటె గంభీరము. నిర్వహణము కల్పనమునకుఁ దక్కువ. ఈ భేదమును యుద్ధవీరదయావీరములను కొలతలతోఁ గొలిచినచోఁ గనుఁగొనలేము. ఆ కొలతలకుఁ జిత్రము సరిపోవును. క్షమావీర మను కొలతఁ బెట్టినప్పుడే లోటు బయటపడినది. పండితరాయలు పేర్కొని విడిచిన యా పేరు వట్టి సంఖ్యాపూరణము గాదని దీనిచే స్థాపితమైనది. నాటకశాలలందును గావ్యగోష్ఠులందును బాఠశాలలందును నెచ్చట వైరులు మిత్రులైన కథ వచ్చినను విద్యార్థుల నీ యొక్క ప్రశ్న యడిగి చూడవలెను: కోపము ఋజువుచే నణఁగినదా, హృదయముచే నణఁగినదా? ప్రత్యుత్తరమునుబట్టి యా కృతి యే మెట్టుననున్నదో తెలియఁగలదు.